ఇంటిపన్నుకు వెల కట్టేదెవరు?



మధ్యాహ్నంవేళ, మగవాళ్లు పనులకు వెళ్లిపోయాక, చేతిలో టేపు, చంకలో పుస్తకం పెట్టుకుని ఒకాయన వచ్చి "అమ్మా, ఇల్లు కొలవాలి" అంటాడు. "ఆయన సాయంత్రం వస్తారండీ, అప్పుడు రండి" అనేస్తాం. ఆయన మళ్లీ రాడు. గేటు దగ్గర్నుంచే చూసి, తనకు తోచింది రాసుకుని పోతాడు. ఆ రాసుకున్నదే మన ఇంటికి పన్ను అవుతుంది. అందుకే ఈవేళ ఇంటిపన్ను సంగతి మీతో మాట్లాడదామనుకున్నాను.

మా పిన్నిగారి ఇల్లే తీసుకోండి. ఊరి పేరు చెప్పను. బాబాయిగారు పోయి చాలాకాలమైంది. రెండు గదుల డాబా, వెనక రేకుల వసారా. వీధివైపు గది ఒకప్పుడు కిరాణా కొట్టుకి అద్దెకిచ్చారు. కొట్టు ఎత్తేసి మూడేళ్లయింది. కాని పన్ను పుస్తకంలో ఆ గది ఇంకా కొట్టే, వెనక రేకుల వసారా కూడా శ్లాబే! "గవర్నమెంటు కాగితం కదమ్మా, తప్పు రాస్తారా?" అని పింఛను డబ్బుల్లోంచి కట్టేస్తూ వచ్చిందావిడ.

అసలు ఇంటికి వెల ఎలా కడతారు? పాత పద్ధతిలో, ఆ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో అంచనా వేసి, దాని మీద పన్ను వేసేవారు. సొంతింట్లో ఉన్నా సరే, మనకి మనమే అద్దె ఇచ్చుకుంటున్నట్టు లెక్క! మరి ఆ అద్దె ఎంతని ఎవరు చెప్పాలి? ఈ పేచీ గుంటూరులో ముదిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడి పన్ను చెల్లింపుదారుల సంఘం ఒకవైపు, పురపాలక సంఘం ఒకవైపు. 1970లో కోర్టు తీర్పు చెప్పింది. అద్దెల నియంత్రణకు 1960 నాటి చట్టం ఒకటుండేది కదా, దాని ప్రకారం వచ్చే న్యాయమైన అద్దెను మించి పన్ను కోసం అద్దె లెక్క కట్టకూడదు, ఆ అద్దెను అధికారి ఇంకా ఖాయం చేయకపోయినా సరే, అని. ఒక ఊరివాళ్లు కలిసి అడిగితే అంతదూరం వెళ్లిందన్నమాట.

ఇప్పుడా అద్దె లెక్క పోయింది. 2020లో మన రాష్ట్రంలో మునిసిపల్ చట్టాలు సవరించి, 2021 ఏప్రిల్ 1 నుంచి ఆస్తి విలువ మీద పన్ను వేసే పద్ధతి పెట్టారు. స్థలానికి, కట్టడానికి రిజిస్ట్రేషన్ శాఖవారి ధరలు చూసి విలువ కడతారు. నివాసానికైతే ఆ విలువలో నూటికి 10 పైసల నుంచి 50 పైసల దాకా, వ్యాపారానికైతే 20 పైసల నుంచి 2 రూపాయల దాకా అని హద్దులు పెట్టారు. 20 లక్షల విలువ అనుకోండి. అందరికంటే తక్కువ రేటు వేసినా నివాసానికి ఏడాదికి 2,000, అదే కొట్టు అని రాస్తే 4,000. చూశారా, కలంపోటులో ఎంత తేడా ఉందో!

ఒక్కసారిగా భారం పడకుండా, ముందటి ఏడాది పన్ను మీద నూటికి 15కి మించి పెంచకూడదనే నిబంధన కూడా పెట్టారు. వినడానికి బాగానే ఉంది. కాని 1,000 రూపాయల పన్ను ఏటా అలా పెరిగితే అయిదో ఏటికి 2,011 అవుతుంది. వడ్డీ లెక్కలు తెలిసిన మీకు నేను చెప్పాలా!

మరి ఈ వీధికీ ఆ వీధికీ, ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ ఒకే న్యాయం జరుగుతోందా అని చూసేవాళ్లెవరు? ఇందుకోసమే ఆస్తిపన్ను బోర్డు అనే ఆలోచన పుట్టింది. అమెరికాలో కాలిఫోర్నియావాళ్లు 1879లోనే, జిల్లాకొక రకంగా వెలకట్టడాన్ని సరిచేయడానికి అలాంటి బోర్డు పెట్టుకున్నారు. మన దేశంలో పశ్చిమ బెంగాల్ 1978లో చట్టం చేసి, మదింపు బోర్డు ఏర్పరిచింది. తరువాత 2010-15 సంవత్సరాలకు సిఫారసులు చేసిన 13వ ఆర్థిక సంఘం, ప్రతి రాష్ట్రంలోనూ ఆస్తిపన్ను బోర్డు ఉండాలంది. పట్టణాల్లో ఎన్ని ఇళ్లున్నాయో లెక్క తీయడం, ఇప్పుడున్న పద్ధతిని పరిశీలించడం, ఎన్నాళ్లకోసారి విలువలు సవరించాలో సూచించడం దాని పని. 2015 మార్చి 31 నాటికి కనీసం నాలుగోవంతు ఆస్తులనైనా ఆ పరిశీలన కిందికి తేవాలని గడువు కూడా చెప్పారు.

సవరించకుండా వదిలేసినా చిక్కే. ఇంగ్లండులో ఇప్పటికీ ఇళ్ల పన్ను తరగతులకు 1991 నాటి ధరలే ఆధారం. ఆనాటి మారుమూల పేటలు ఈనాడు ఖరీదైన పేటలయ్యాయి, పన్ను తరగతి మాత్రం పాతదే.

బోర్డు పైనుంచి పద్ధతి చూస్తుంది. మీ వంటగది పొడవెంతో దానికేం తెలుస్తుంది? ఆ మాట మీరే చెప్పాలి. మెరకలో ఉన్న ఇల్లూ, తమ్మిలేరు పొంగితే నీళ్లొచ్చే ఇల్లూ ధరల పుస్తకంలో ఒకే వరసలో పడవచ్చు. ఆ తేడా నోరు విప్పి అడిగితేనే తెలుస్తుంది.

కొల్లేటి లంకల్లో ఉన్న చెల్లెళ్లు "ఇదంతా పట్నాలవాళ్ల గొడవ" అనుకోవద్దు. మీది గ్రామ పంచాయతీ. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మీకూ ఇంటిపన్ను ఉంది. దాన్ని అద్దె మీద గాని, ఆస్తి విలువ మీద గాని, నిబంధనల్లో చెప్పిన మరో పద్ధతిలో గాని వేయవచ్చు. మీ రసీదు ఏ లెక్క మీద వచ్చిందో కార్యదర్శిని అడగండి.

నోటీసు రాగానే నాలుగు సంగతులు చూసుకోండి. పేరు ఎవరిది, కొలత ఎంత, కప్పు ఏమిటి, వాడకం నివాసమా వ్యాపారమా. తేడా ఉంటే ఆ నోటీసులో ఇచ్చిన గడువులోపల రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నోటితో చెప్పి వచ్చేస్తే చెప్పినట్టు కాదు. టేపు పట్టుకొచ్చినాయన్ని సాయంత్రం రమ్మనకుండా, రెండో కొస మీరే పట్టుకుని, ఆయన రాసింది చదివించుకోండి.

మా పిన్ని చేత అలాగే రాయించాం. సంతకం పెట్టడానికి ముందు ఆవిడ "బాబాయి ఉంటే బాగుండేది" అంది. తరవాత కళ్లజోడు తుడుచుకుని, తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది. నెల తిరక్కుండా మనిషి వచ్చాడు. టేపు ఒక కొస ఆవిడే పట్టుకుంది. కొట్టు గది నివాసమైంది, వసారా మీద శ్లాబు పోయి రేకులొచ్చాయి. కట్టేసిన మూడేళ్ల ఎక్కువ డబ్బు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. దానికి రెండో అర్జీ పెట్టింది. నకలు తులసికోట పక్క గూట్లో, రేషను కార్డుతో పాటు దాచుకుంది.