ఒంట్లో కొవ్వుకీ ఆయాసానికీ లింకేంటి?



ఐదో దశ పురుగుకి ఆకు మోసే వారం రోజులు మన ఇళ్లలో ఎవరికీ సరైన నిద్ర ఉండదు. ఆస్తమా ఉన్నవాళ్లకి ఆయాసం తిరగబెట్టేది కూడా అప్పుడే. సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో మనం రెండు మాటలు వింటుంటాం. "లావయ్యావు, అందుకే రొప్పుతున్నావు, మందెందుకు?" అనేది ఒకటి. "ఆస్తమా ఉంది, కదలకుండా కూర్చో" అనేది ఇంకొకటి. రెండూ ప్రమాదమే.

పట్టుపురుగుని కోసి చూస్తే లోపల తెల్లగా కొవ్వు కనిపిస్తుంది. అది ఉత్త నిల్వ సరుకు కాదు. పురుగుకి కావలసిన ప్రొటీన్లు, రోగాన్ని ఎదిరించే పదార్థాలు అక్కడ తయారవుతాయి. మన ఒంట్లో కొవ్వు కూడా ఊరికే పడి ఉండదు. అది వదిలే లెప్టిన్ అనే హార్మోన్‌ని 1994లో కనిపెట్టారు. కొవ్వు పెరిగితే లెప్టిన్ పెరిగి వాపుని ఎగదోస్తుంది. వాపుని అణిచే అడిపోనెక్టిన్ తగ్గిపోతుంది. ఆస్తమా అంటేనే ఊపిరి గొట్టాల వాపు కదా.

దీనికి తోడు పొట్ట కొవ్వు కిందనుంచి ఊపిరితిత్తుల్ని నొక్కుతుంది. ఊపిరి లోతుగా ఆడక గొట్టాలు ఇరుకవుతాయి. 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు చనిపోయిన 52 మంది ఊపిరితిత్తుల్ని పరీక్షించారు. ఊపిరి గొట్టాల గోడల్లోనే కొవ్వు కనిపించింది. బరువు ఎక్కువున్నవాళ్లలో అది ఎక్కువ ఉంది. అమెరికాలో 85 వేలమందికి పైగా నర్సుల్ని గమనించి 1999లో లెక్క చెప్పారు. బాగా ఊబకాయం ఉన్న ఆడవాళ్లకి కొత్తగా ఆస్తమా వచ్చే అవకాశం 2.7 రెట్లు.

అలాగని లావుగా ఉన్నవాళ్ల ఆయాసమంతా ఆస్తమా కాదు. గుండె జబ్బు, రక్తహీనత కూడా కావచ్చు. రాయచూరు రిమ్స్ లాంటి పెద్దాసుపత్రిలో గొట్టంలోకి ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్షతో చాలావరకు తేలుతుంది.

మనం చేయగలిగినవి ఇవీ:

నడుము కొలత మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

బరువు 5 నుంచి 10 శాతం తగ్గినా ఆస్తమా అదుపులోకి వస్తుంది. అంటే 80 కిలోల మనిషికి 4 నుంచి 8 కిలోలు. మూడు పూటలా అన్నం తినేవాళ్లు ఒక పూట తగ్గించి కూర, పప్పు పెంచండి. రోజూ నడవండి.

ఇన్‌హేలర్ సొంతంగా ఆపొద్దు. ఆయాసం వచ్చినప్పుడల్లా స్టెరాయిడ్ మాత్రలు కొని మింగితే ఆకలి, బరువు పెరిగి జబ్బు మళ్లీ మొదటికొస్తుంది. ఇన్‌హేలర్‌లో మందు చాలా కొంచెమే, అది నేరుగా ఊపిరి గొట్టాల్లోకి పోతుంది.

షెడ్డులో బ్లీచింగ్ కొట్టేటప్పుడు, సున్నం చల్లేటప్పుడు ఆస్తమా ఉన్నవాళ్లని బయట ఉంచండి. ఆ పని ఇంట్లో ఇంకొకరు మాస్కు కట్టుకుని చేయాలి.

మాట రానంత ఆయాసం వస్తే పురుగు మేత సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు 108కి ఫోన్ చేయండి. షెడ్డులో గాలి ఆడకపోతే పురుగు తట్టుకోలేదని మనకి తెలుసు. మనుషుల విషయంలోనూ అంతే శ్రద్ధ పెడదాం. పరీక్ష చేయించుకోవాల్సినవాళ్లు వచ్చే పంటకి చాకీ పురుగులు దించకముందే ఆ పని చూసుకోండి.