కారు యంత్రము వేడెక్కినపుడు



మనుష్యునకు జ్వరము వచ్చినచో వైద్యుడు మొదట అడుగునది, "ఎప్పుడు వచ్చుచున్నది? ఉదయమా, సాయంకాలమా?" అని. జ్వరము రోగము కాదు, రోగమునకు గుర్తు. కారు యంత్రము వేడెక్కుటయు నట్టిదే. క్రొత్తగా కారు కొన్నవారు యంత్రశాస్త్రము నేర్వనక్కఱలేదు. ఏ సమయమున వేడెక్కుచున్నదో కనిపెట్టి చెప్పగలిగిన చాలును. ఆ కనిపెట్టు విధమును గూర్చియే నేను ముచ్చటింపదలచితిని.

యంత్రములో మండిన పెట్రోలు శక్తిలో బండిని నడపుటకు పనికివచ్చునది సుమారు నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వఱకే. తక్కిన దానిలో కొంత వేడియై పొగగొట్టమున బోవును. కొంత యంత్రము చుట్టు తిరుగు నీటిలోనికి దిగును. పంపు ఆ నీటిని ముందున్న రేడియేటరునకు ద్రోయును. అచట సన్నని గొట్టములలో పాఱుచు, గాలి తగిలి చల్లాఱి, నీరు మరల యంత్రమునకు వచ్చును. 1888లో జర్మనీదేశమున బెర్తా బెంజ్ అను నామె తన భర్త నిర్మించిన బండిలో మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వఱకు నూఱు కిలోమీటర్లకు పైగా పోయినపుడు, నీరు ఆవిరియై పోవుచుండుటచే దారి పొడవునను నింపుకొనవలసివచ్చెను. నేటి బండిలో నున్న నీరే తిరిగి తిరిగి వచ్చును. కావున అది తగ్గినదనగా ఎక్కడనో లోపమున్నదన్నమాట.

సూచిక ఎఱ్ఱగీతను సమీపింపగానే ఏసీ ఆపి, బండిని ప్రక్కకు దీసి, యంత్రము నాపవలెను. రేడియేటరు మూతను అప్పుడు విప్పనేరాదు. లోపలి నీరు ఒత్తిడిలో నుండుటచే నూఱు డిగ్రీలు దాటినను కాగక యుండును. మూత వదలినంతనే తటాలున ఆవిరియై ముఖముపై జిమ్మును. అరగంటకు తక్కువ గాకుండ ఆగి, యంత్రము బాగుగా చల్లాఱిన పిమ్మటనే గుడ్డ కప్పి మెల్లగా విప్పవలెను. వేడి యంత్రమున చన్నీళ్ళు పోసినచో లోహము బీటలు వాఱవచ్చును. యంత్రము ఆగియున్నను ఫ్యాను తనంత తానే తిరుగవచ్చును గాన, అందు చేయి పెట్టకుడు.

చల్లాఱిన పిదప మొదట చూడవలసినది నీటిమట్టము. నీటిడబ్బాపై రెండు గీతలుండును. నీరు క్రింది గీతకు దిగినచో అది ఎటు పోయినదో వెదకుడు. బండి క్రింద రంగునీటి మరకలున్నచో గొట్టమో, రేడియేటరో, పంపో కారుచున్నదని యర్థము. ఏసీ నుండి జాఱు తేటనీటిని జూచి భయపడనక్కఱలేదు.

నీరు సరిగానున్నచో సమయమును బట్టి విచారింపుడు. ఊరిలో నిలిచి నిలిచి పోవునపుడు వేడెక్కి, బాటపై వేగముగా బోవునపుడు చల్లబడుచున్నచో ఫ్యానును శంకింపుడు. వేగమున గాలి దానంతట తగులును. నిలిచినపుడు ఫ్యానే దిక్కు. ఒక్కొక్కప్పుడు చిన్న ఫ్యూజు మార్చినంతనే ఇది కుదురును. ఇందుకు విరుద్ధముగా, ఊరిలో బాగుండి, వేగమునందును, ఎత్తు ఎక్కునపుడును వేడెక్కుచున్నచో రేడియేటరు పూడినదేమో చూడవలెను. రోడ్లపై ధాన్యము నూర్చి యారబోయు కాలమున పొట్టు, గడ్డి దాని రేకుల నడుమ జేరును. యంత్రము మిక్కిలి వేడెక్కినను రేడియేటరు చల్లగానే యున్నచో, నీటిని వదలు థర్మోస్టాట్ మూసికొనిపోయి యుండును, లేదా పంపు పనిచేయకుండును.

బయట చుక్కయు కారక నీరు తగ్గుట, తెల్లని పొగ ఎడతెగక వచ్చుట, ఆయిలు పాలు కలిపిన టీ రంగునకు మాఱుట, ఇవి హెడ్ గాస్కెట్టు చెడినదనుటకు గుర్తులు. అట్టి బండిని నడపక, లాగించుకొని పోవుటయే లాభము.

బోరునీటిలోని సున్నము గొట్టములలో పేరుకొనును. కావున బండితో నిచ్చిన పుస్తకములో జెప్పిన కూలెంటునే వాడుడు. సాధారణముగా దానిలో నుండు ద్రవము తియ్యగా నుండు విషము. పాతదానిని కుడితితొట్టి చెంతను, పిల్లలు తిరుగుచోటను పాఱబోయకుడు.

మెకానిక్కుతో "వేడెక్కుచున్నది" అని మాత్రము చెప్పువాడు, ఏది మార్చుమన్నను మార్చవలసినదే. "నిలిచినపుడే వేడెక్కుచున్నది, నీరు తగ్గలేదు" అని చెప్పువానికి సగము ఖర్చు అక్కడనే తగ్గును.