అడవిలో పాత కొలిమి మళ్ళీ రాజుకుంటే...

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమయింది. దానికి కావలసిన ముడిఖనిజం దల్లీ-రాజహరా కొండల నుంచి వచ్చింది. అంతకు సుమారు అర్ధ శతాబ్దం ముందు టాటాల తరఫున ఇనుప ఖనిజం కోసం ఈ అడవుల్లో వెదికిన భూగర్భ శాస్త్రజ్ఞుడు సి.ఎం. వెల్డ్ బృందానికి, గంపలతో ఖనిజం మోసుకుపోతున్న అగరియా గిరిజనులు ఎదురయ్యారట. ఎక్కడిదని అడిగితే రాజహరా కొండను చూపించారని టాటాల చరిత్ర గ్రంథాలు చెబుతాయి. మరి ఆ రాయి నుంచి అగరియాలు ఇనుము ఎలా తీసేవారు? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఆ పని మళ్ళీ చేసి చూడవలసిందే.

వేషమా? ప్రయోగమా?

గతాన్ని మళ్ళీ అభినయించడం ఐరోపాలో ఒక వేడుక. ఒకే అడవిలో ఒకచోట రోమన్ సైనికుల గుడారం, మరోచోట మధ్యయుగపు కమ్మరి కొలిమి కనిపిస్తాయి. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కాని ఒక ప్రశ్న వేసుకుని, ఆనాటి సామగ్రితోనే పనిచేసి, ప్రతిదీ కొలిచి రాసుకున్నప్పుడే అది శాస్త్రమవుతుంది. దీనిని ప్రయోగాత్మక పురావస్తు శాస్త్రం అంటారు. ఇంగ్లండులోని బట్సర్‌లో 1972 నుంచి ఇనుప యుగపు ఇళ్ళు కట్టి, పంటలు పండించి ఇలాగే పరీక్షించారు.

కొలిమిలో జరిగేదేమిటి?

అగరియాల కొలిమి సుమారు మూడడుగుల ఎత్తున్న మట్టి దిమ్మె. పైనుంచి కట్టె బొగ్గు, ఖనిజం వేస్తారు. కింద మట్టి గొట్టం గుండా గాలి ఊదుతారు. బొగ్గు మండగా పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. ఇనుము మిగులుతుంది. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఈ కొలిమిలో వేడి 1200 డిగ్రీల ప్రాంతంలోనే ఉంటుంది. కనుక చిట్టెం కరిగి కారిపోతుంది కాని, ఇనుము స్పంజిలాంటి ముద్దగా నిలుస్తుంది. దానిని ఎర్రగా కాల్చి సమ్మెటతో కొడితే మిగిలిన చిట్టెం బయటికి పోతుంది.

ఇక్కడ ఒక నష్టం ఉంది. ఖనిజంలోని ఇసుక (సిలికా) కొంత ఇనుమును తనతో కలుపుకుని చిట్టెంగా మారుతుంది. భిలాయి కొలిమిలో ఆ ఇసుకను పట్టుకోవడానికి నందిని గనుల సున్నపురాయి వేశారు. పైగా అక్కడ ఇనుము ద్రవంగానే బయటికి వస్తుంది.

తవ్వకం చెప్పలేనిది

పాత కొలిమి స్థలాన్ని తవ్వితే చిట్టెం, గొట్టపు ముక్కలు దొరుకుతాయి. తోలు, వెదురు మట్టిలో కలిసిపోతాయి. అగరియాల తిత్తులు తోలు కప్పిన కొయ్య పాత్రలు. వాటిని కాళ్ళతో తొక్కేవారు. వంచి కట్టిన వెదురుగడ తోలును తిరిగి పైకి లాగేది. తొక్కుడు మందగిస్తే వేడి తగ్గి చిట్టెం గడ్డకడుతుంది. మితిమీరితే బొగ్గు వృథా అవుతుంది. ఆ లయ పాదాలకే తెలుసు.

చేసి చూస్తే ఎంత తెలుస్తుందో శ్రీలంక చెబుతుంది. సమనలవెవ కొండల మీద పడమటి గాలికి ఎదురుగా కట్టిన పాత కొలిములు బయటపడ్డాయి. తిత్తులు లేకుండా ఇనుము వస్తుందా? గిల్ జూలెఫ్ బృందం అలాంటి కొలిమిని కట్టి, రుతుపవనాల గాలితోనే నడిపి, హెచ్చు కార్బన్ ఉన్న ఉక్కును సాధించింది. ఫలితాలు 1996లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ప్రయోగం ‘ఇలా చేయవచ్చు’ అని చెబుతుంది. ‘ఇలాగే చేశారు’ అనడానికి తవ్వకంలో దొరికిన చిట్టెంతో కొత్త చిట్టెం సరిపోలాలి. మధ్యలో విద్యుత్ బ్లోయర్ పెడితే తొక్కుడు గురించి ఏమీ తెలియదు.

అగరియాలపై వెరియర్ ఎల్విన్ గ్రంథం 1942లో వెలువడింది. అప్పటికే అడవి చట్టాలు, కొలిమి పన్నులు, చవక విదేశీ ఇనుము ఆ వృత్తిని కుంగదీశాయి. చిట్టెం వేల ఏళ్ళు నిలుస్తుంది. పాదాల జ్ఞానం ఒక్క తరంలో పోతుంది. అందుచేత అడవిలో పాత కొలిమిని మళ్ళీ రాజేసేటప్పుడు అగరియాలను వేషధారులుగా కాదు, గురువులుగా పిలవాలి.