మోసం జరిగితే నష్టం ఎవరిది?

పొదుపు ఖాతా ఎలా తెరవాలో, చెక్కు ఎలా రాయాలో, ఏటీఎం కార్డు ఎలా వాడాలో మీరు ఇంతకుముందు పాఠాల్లో తెలుసుకున్నారు. ఈ పాఠంలో కొంచెం చిక్కు ప్రశ్న ఒకటి తీసుకుందాం. మీ ఖాతాలోని సొమ్మును ఎవరో మోసగాడు కాజేశాడనుకోండి. ఆ నష్టం ఎవరు భరించాలి? మీరా, బ్యాంకా, ఇంకెవరైనానా?

"ఇందులో ఆలోచించడానికేముంది? జాగ్రత్తగా లేనివాడే భరించాలి" అని చాలామంది వెంటనే అంటారు. ఈ జవాబులో కొంత నిజం ఉంది. కాని చట్టం ఈ విషయాన్ని ఇంత తేలిగ్గా తేల్చెయ్యలేదు. ఎందుకో చూద్దాం.

బ్యాంకులో ఉన్న డబ్బు ఎవరిది?

మీరు బ్యాంకులో 10,000 రూపాయలు జమ చేశారు. బ్యాంకు ఆ నోట్లను మీ పేరు రాసి విడిగా మూటకట్టి ఉంచదు. మిగతా సొమ్ములో కలిపేస్తుంది, అందులోంచే ఇతరులకు అప్పులిస్తుంది. చట్టం దృష్టిలో మీరు బ్యాంకుకు 10,000 రూపాయలు అప్పిచ్చారు. బ్యాంకు మీకు బాకీ పడింది. పాస్‌పుస్తకంలో కనిపించే నిల్వ ఆ బాకీ లెక్కే. (లాకరులో పెట్టిన నగల సంగతి వేరు. అవి ఎప్పుడూ మీవే.)

ఈ చిన్న విషయంలోంచి ఒక పెద్ద ఫలితం వస్తుంది. రామయ్యకు బాకీ ఉన్నవాడు, రామయ్యలా వేషం వేసుకొచ్చిన మరొకడికి ఆ సొమ్ము ఇచ్చేస్తే రామయ్య బాకీ తీరుతుందా? తీరదు. బ్యాంకు విషయమూ అంతే. మీ ఆదేశం లేకుండా మీ ఖాతాలో ఖర్చు రాసే హక్కు బ్యాంకుకు లేదు. దొంగ సంతకంతో వచ్చిన చెక్కుకు బ్యాంకు డబ్బిస్తే, పోయింది బ్యాంకు డబ్బే.

1987లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన కెనరా బ్యాంకు కేసు ఇలాంటిదే. ఒక కంపెనీలో పనిచేసే అకౌంటెంటు 1957 నుంచి 1961 వరకు కంపెనీ అధికారి సంతకాన్ని ఫోర్జరీ చేసి, 42 చెక్కుల మీద 3 లక్షల 26 వేల రూపాయలు తీసేసుకున్నాడు. అన్నేళ్ళు కంపెనీవారు లెక్కలు సరిచూసుకోలేదు. "పాస్‌పుస్తకం చూసుకోకపోవటం మీ నిర్లక్ష్యం, కాబట్టి నష్టం మీదే" అని బ్యాంకు వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. దొంగ సంతకం ఉన్న చెక్కు అసలు ఆదేశమే కాదనీ, కేవలం నిర్లక్ష్యాన్ని చూపి బ్యాంకు తప్పించుకోలేదనీ చెప్పి సొమ్ము కంపెనీకి ఇప్పించింది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. కంపెనీ నిజంగా నిర్లక్ష్యంగానే ఉంది కదా! అయినా కోర్టు బ్యాంకునే ఎందుకు బాధ్యురాలిని చేసింది? సంతకం సరిచూసే పని బ్యాంకుది. ఆ పనికి కావలసిన మనుషులు, నమూనా సంతకాలు, శిక్షణ అన్నీ బ్యాంకు దగ్గరే ఉన్నాయి.

సంతకం నుంచి ఓ.టి.పి. దాకా

నేడు సంతకం స్థానంలో పిన్ నంబరు, ఓ.టి.పి. వచ్చాయి. సంతకాన్ని మరొకరు కాపీ చేస్తే కంటితో తేడా పట్టవచ్చు. ఓ.టి.పి. విషయంలో ఆ వీలు లేదు. మీరు కొట్టినా, దొంగ కొట్టినా ఆరు అంకెలు ఆరు అంకెలే. అందువల్ల వివాదం వచ్చినప్పుడు "సరైన ఓ.టి.పి. పడింది, కాబట్టి మీరే చెప్పి ఉంటారు" అని బ్యాంకు అనటం మామూలైంది.

ఈ పరిస్థితిలో రిజర్వు బ్యాంకు 2017 జులై 6న వాణిజ్య బ్యాంకులకు ఒక సర్క్యులరు పంపింది. ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో ఎవరి బాధ్యత ఎంతో అందులో చెప్పింది. దీని సారం ఇది: లోపం బ్యాంకుదైతే ఖాతాదారు ఫిర్యాదు చేసినా చేయకపోయినా అతని మీద భారం లేదు. లోపం బ్యాంకుదీ కాదు, ఖాతాదారుదీ కాదు, మధ్యలో వేరే ఎక్కడో ఉందనుకోండి. అప్పుడు బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల లోపల ఫిర్యాదు చేస్తే భారం సున్నా. 4 నుంచి 7 పనిదినాల మధ్య చేస్తే కొంత భారం ఖాతాదారు మీద పడుతుంది. అది కనీస సదుపాయాల పొదుపు ఖాతాకు 5,000 రూపాయలు, మామూలు పొదుపు ఖాతాకు 10,000 రూపాయలు మించరాదు. ఇక పిన్‌నో ఓ.టి.పి.నో ఖాతాదారే ఇతరులకు చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టమంతా అతనిదే. తెలియజేసిన తరువాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకుదే.

ఆ సర్క్యులరులోనే మరొక వాక్యం ఉంది. తప్పు ఖాతాదారుదని రుజువు చేయాల్సింది బ్యాంకు. ఈ వాక్యం బ్యాంకు కౌంటరు దగ్గర ఎవరూ మనకు చెప్పరు! ఇలాంటి నిబంధనలను రిజర్వు బ్యాంకు ఎప్పటికప్పుడు సవరిస్తూ ఉంటుంది గనుక, అమలులో ఉన్న పరిమితులేమిటో మీ శాఖలో అడిగి తెలుసుకోండి.

అస్సాంలో ఒక ఖాతాదారు ఆన్‌లైనులో కొన్న వస్తువును వాపసు చేయబోయాడు. కంపెనీ మనిషినని ఫోన్ చేసినవాడు అతని చేత ఫోనులో ఒక యాప్ పెట్టించాడు. ఖాతాలోంచి 94 వేల రూపాయలకు పైగా పోయాయి. అతను 24 గంటల్లోపే స్టేట్ బ్యాంకుకు చెప్పాడు. బ్యాంకు మాత్రం తప్పు అతనిదేనంది. గౌహతి హైకోర్టు అతని నిర్లక్ష్యం రుజువు కాలేదని, సొమ్ము బ్యాంకే ఇవ్వాలని చెప్పింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. కష్టం ఏమిటంటే, 94 వేల కోసం సుప్రీంకోర్టు దాకా నడిచే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

తానే పంపిన డబ్బు సంగతి?

ఇప్పటిదాకా చెప్పుకున్నది ఖాతాదారుకు తెలియకుండా పోయిన సొమ్ము గురించి. ఈ మధ్య మోసగాళ్ళు మరో దారి పట్టారు. దొంగ సంతకం వాళ్ళు పెట్టరు, మన చేతనే అసలు సంతకం పెట్టిస్తారు.

"డిజిటల్ అరెస్టు" అన్న మాట మీరు వినే ఉంటారు. వీడియో కాల్‌లో పోలీసు దుస్తుల్లో ఒకడు కనిపిస్తాడు. మీ పేరున వచ్చిన పార్సిల్‌లో మత్తుమందు దొరికిందనో, మీ ఆధార్‌తో దొంగ ఖాతా తెరిచారనో బెదిరిస్తాడు. గది విడిచి పోవద్దు, ఎవరికీ చెప్పవద్దు అంటాడు. చివరికి "మీ డబ్బు మంచిదో కాదో తనిఖీ చేయాలి, ఈ ఖాతాకు పంపండి, తిరిగి ఇస్తాం" అంటాడు. మన చట్టంలో ఇలాంటి అరెస్టు లేనే లేదు. రిజర్వు బ్యాంకు ప్రజల పేరిట ఖాతాలేవీ నడపదు. అయినా భయం మనిషిని ఆలోచించనివ్వదు. పదవీ విరమణ చేసిన ఉద్యోగులు, చదువుకున్నవారు, వైద్యులు కూడా ఇలా మోసపోయారు. 2024లో సైబరు మోసాల్లో ప్రజలు పోగొట్టుకున్నది మొత్తం 22,845 కోట్ల రూపాయలని కేంద్ర ప్రభుత్వం 2025 జులైలో లోక్‌సభకు తెలిపింది.

ఇక్కడ 2017 సర్క్యులరు చేతులెత్తేస్తుంది. ఖాతాదారు తానే బ్యాంకుకు వెళ్ళి, ఫిక్సెడ్ డిపాజిట్టు రద్దు చేసుకుని, ఫారం నింపి డబ్బు పంపాడు. సంతకం అసలుదే. మరి "నష్టం అతనిదే" అని పుస్తకం మూసేద్దామా? అలా మూసేముందు, ఆ డబ్బు నడిచిన దారిని ఒకసారి చూడాలి.

డబ్బు నడిచిన దారి

మోసగాడు తన సొంత పేరున్న ఖాతాలోకి డబ్బు రప్పించుకోడు. ఏ కూలీదో, ఏ విద్యార్థిదో ఖాతాను కొంత కమీషను ఇచ్చి వాడుకుంటాడు. వీటిని మ్యూల్ ఖాతాలంటారు. మ్యూల్ అంటే కంచరగాడిద. ఎవరి బరువో మోసే జంతువు గనుక ఆ పేరు అతికినట్టు సరిపోయింది. ఒక ఖాతాలో పడిన సొమ్ము నిమిషాల్లో పది ఖాతాలకు, అక్కడి నుంచి మరికొన్నింటికి చీలిపోతుంది. చివరికి నగదుగానో మరో రూపంలోనో మాయమవుతుంది.

నెలకు రెండు మూడు వేలు తిరిగే ఖాతాలో ఒక్క మధ్యాహ్నం 40 లక్షలు పడి, గంటలో ఖాళీ అయితే, దాన్ని ఎవరు గమనించగలరు? సొమ్ము పంపిన ముసలాయన గమనించలేడు. ఆయన బ్యాంకుకూ అది కనబడదు. ఆ ఖాతా తెరిచిన బ్యాంకు ఒక్కటే గమనించగలదు. కాగితాలు తీసుకుని, ఫొటో అంటించి ఆ ఖాతా తెరిచింది ఆ బ్యాంకే. బాధ్యత గురించి మాట్లాడేటప్పుడు పంపినవాడి పొరపాటునే తవ్వుతాం, సొమ్ము అందుకున్న బ్యాంకును మరచిపోతాం.

మన పొరుగు దేశంలో జరిగిన సంగతి దీన్ని బాగా వివరిస్తుంది. 2016 ఫిబ్రవరిలో దొంగలు బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడ్డారు. న్యూయార్కులో ఆ బ్యాంకుకు ఉన్న ఖాతా నుంచి దాదాపు 100 కోట్ల డాలర్లు బదిలీ చేయమని దొంగ ఆదేశాలు పంపారు. ఎక్కువ భాగం ఆగిపోయింది. శ్రీలంకలోని ఒక సంస్థ పేరున వెళ్ళిన 2 కోట్ల డాలర్ల ఆదేశంలో "ఫౌండేషన్" అన్న మాటకు స్పెల్లింగు తప్పు పడింది. మధ్యలోని బ్యాంకుకు అనుమానం వచ్చి విచారించింది. ఆ సొమ్ము వెనక్కి వచ్చింది. మనీలాకు చేరిన 8 కోట్ల 10 లక్షల డాలర్ల కథ వేరు. అక్కడ ఒక బ్యాంకు శాఖలో 2015 మేలో దొంగ పేర్లతో కొన్ని ఖాతాలు తెరిచి, 500 డాలర్ల చొప్పున వేసి, నెలల తరబడి ముట్టకుండా ఉంచారు. హఠాత్తుగా వాటిలో కోట్లు పడ్డాయి. ఆపమని బంగ్లాదేశ్ సందేశాలు పంపినా, ఫిబ్రవరి 9న సొమ్ము బయటికి పోయింది. ఆ ఏడాదే ఫిలిప్పీన్స్ కేంద్ర బ్యాంకు ఆ బ్యాంకుకు 100 కోట్ల పెసోల జరిమానా వేసింది.

ఒకే మోసం, ఒకే వారం. అనుమానించి అడిగినచోట సొమ్ము నిలిచింది. అడగనిచోట పోయింది. బంగ్లాదేశ్ బ్యాంకు రక్షణ బలహీనంగా ఉన్నమాట నిజమే, అది రెండుచోట్లా సమానమే కదా!

భారం పంచుకోవటం

బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి కొత్త నియమం వచ్చింది. మోసపోయి తానే డబ్బు పంపిన ఖాతాదారుకు కూడా 85,000 పౌండ్ల వరకు తిరిగి ఇవ్వాలి. ఆ మొత్తాన్ని పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం భరిస్తాయి. హెచ్చరికలను బొత్తిగా పెడచెవిన పెట్టినవారికి ఈ రక్షణ ఉండకపోవచ్చు, కాని తప్పు అంతటిదని బ్యాంకే చూపాలి. దీనివల్ల జనం అజాగ్రత్తగా తయారవుతారని బ్యాంకులు వాదించాయి. ఆ వాదనను పూర్తిగా తోసిపుచ్చలేం. అయినా తన జేబులోంచి సగం పోతుందని తెలిస్తే మ్యూల్ ఖాతాను పట్టుకోవాలన్న శ్రద్ధ బ్యాంకుకు తప్పకుండా పెరుగుతుంది.

మన దేశంలోనూ ఆలోచన ఈ వైపు కదులుతోంది. 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు డిజిటల్ అరెస్టు కేసులను సి.బి.ఐ.కి అప్పగిస్తూ, మ్యూల్ ఖాతాలు తెరవటంలో బ్యాంకు ఉద్యోగుల పాత్రను కూడా విచారించమంది.

ఇందులో మరో వైపు కూడా ఉంది. మోసపు సొమ్ములో 500 రూపాయలు యు.పి.ఐ. ద్వారా ఒక చిల్లర దుకాణదారు ఖాతాలో పడితే, ఆ ఖాతా మొత్తాన్ని స్తంభింపజేసిన సందర్భాలున్నాయి. అతనికి మోసంతో సంబంధమే లేదు. సరుకు అమ్మాడు, డబ్బు తీసుకున్నాడు, అంతే. వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపాలని 2023లో కేరళ హైకోర్టు చెప్పింది. అలాగే డబ్బు తీసేటప్పుడు "ఎందుకు, ఎవరికి?" అని గుమాస్తా అడిగితే "నా డబ్బు, నా ఇష్టం" అని కోపం వచ్చేవారూ ఉంటారు. కాని 2024 నవంబరులో హైదరాబాదులో ఒక శాఖ సిబ్బంది సరిగ్గా అలాగే అడిగారు. డిజిటల్ అరెస్టులో ఉన్న ఒక వృద్ధుని 13 లక్షల రూపాయలు పోకుండా మిగిలాయి.

మీ వంతు

మోసం జరిగిందని తెలిసిన క్షణంలో చేయవలసింది 1930 నంబరుకు ఫోను చేయటం. ఇది దేశమంతటికీ ఒకటే. అక్కడి నుంచి వెళ్ళే సమాచారంతో, సొమ్ము ఇంకా ఖాతాల్లోనే ఉంటే దాన్ని నిలిపివేస్తారు. గంట ఆలస్యమైతే అది మరో నాలుగు ఖాతాలు దాటిపోతుంది. సిగ్గుపడి ఇంట్లో దాచుకున్నవారు నష్టపోయినంతగా మరెవరూ నష్టపోరు. ఆ తరువాత బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తేదీ, సమయం ఉన్న రసీదు తీసుకోండి. మూడు పనిదినాలు, ఏడు పనిదినాలు అన్న లెక్క ఆ రసీదు మీదే నడుస్తుంది. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఇందుకు వకీలు అక్కరలేదు.

మరొక మాట. మీ ఖాతానూ ఏటీఎం కార్డునూ "నెల రోజులు వాడుకుంటాను, 5,000 ఇస్తాను" అని ఎవరైనా అడిగితే, వారు అడుగుతున్నది మ్యూల్ ఖాతా. పోలీసులు మొదట వచ్చేది ఆ ఖాతా ఎవరి పేరున ఉందో వారి ఇంటికే.

అభ్యాసం

1. కెనరా బ్యాంకు కేసులో కంపెనీ నిర్లక్ష్యంగా ఉన్నా నష్టం బ్యాంకుదే అయింది. ఓ.టి.పి.ని ఇతరులకు చెప్పిన ఖాతాదారు విషయంలో 2017 సర్క్యులరు వేరే మాట చెప్పింది. ఈ తేడా న్యాయమేనా? మీ అభిప్రాయం పది వాక్యాల్లో రాయండి.

2. మీ బ్యాంకు శాఖకు వెళ్ళి, మోసం గురించి ఫిర్యాదు చేయడానికి ఏ నంబర్లు గోడమీద రాసి ఉన్నాయో చూడండి. అవి తెలుగులో ఉన్నాయా? లేకపోతే మేనేజరుకు ఒక ఉత్తరం రాయండి.