బయానా ఇచ్చుటకు ముందు

ఇల్లు కొనుట పురుషుల పని యనియు, కొన్న ఇంటిని దిద్దుకొనుట స్త్రీల పని యనియు మన కుటుంబములలో చిరకాలమునుండి యొక విభజన కలదు. కాని స్థలము కొనుటకు సొమ్ము చాలనపుడు కుదువకు పోవునవి స్త్రీల గాజులే, గొలుసులే. తన నగలు పోయి చేరుచున్న నేల యెటువంటిదో తెలిసికొనుట గృహిణికి హక్కు మాత్రమే కాదు, విధి యని మా యభిప్రాయము. అందులకిప్పుడు గడప దాట నక్కరలేదు. చేతిలోని సెల్‌ఫోను చాలును.

మా యింట జరిగిన సంగతి నొకటి మనవి చేసెదము. హైదరాబాదు శివారున 200 గజముల స్థలమునకై మేము వెదకుచుంటిమి. స్థలముల ప్రకటనలు ఫోనులో కోకొల్లలు. ఊరు, ధర, గజములు చెప్పినంతనే బొమ్మలతో కన్నులముందు నిలుచును. వానిలో నొకటి మాకు మిక్కిలి నచ్చినది. తూర్పు ముఖము, 30 అడుగుల బాట, ఎదుట నిండు చెరువు. సాయంకాలములోగా 2 లక్షల రూపాయలు బయానా ఇయ్యవలెననియు, లేనిచో వేరొకరు సిద్ధముగా నున్నారనియు మధ్యవర్తి తొందరపెట్టెను. గాజులు బీరువానుండి బల్లమీదికి వచ్చినవి.

బయానాకు ముందు మేము రిజిస్ట్రేషను శాఖవారి వెబ్‌సైటులో ఇ.సి. చూచితిమి. ఆంధ్రప్రదేశమునకును, తెలంగాణమునకును వేర్వేరు వెబ్‌సైటులు గలవు. దస్తావేజు నంబరు, సంవత్సరము చెప్పిన చాలును. అవి తెలియనిచో గ్రామము పేరు, సర్వే నంబరు, ప్లాటు నంబరు చెప్పి వెదకవచ్చును. 1983 మొదలు ఆ స్థలమును ఎవరు ఎవరికి అమ్మిరో, ఎవరియొద్ద తాకట్టు పెట్టిరో, ఎంత సొమ్మునకు రిజిస్టరయ్యెనో అందు వరుసగా కానవచ్చును. అంతకు పూర్వపు సంగతులకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునకు పోవలెను. దస్తావేజులో వ్రాసిన ధరయు, ప్రకటనలో చెప్పు ధరయు ప్రక్కప్రక్కన నుంచి చూచిన గృహిణి బేరమాడుటలో మోసపోదు. ఆ వెబ్‌సైటులోనే నిషేధిత ఆస్తుల జాబితా యున్నది. ప్రభుత్వ భూములు, దేవాలయ భూములు, వక్ఫు భూములు మున్నగు రిజిస్టరు చేయరాని వాని సర్వే నంబరులు అందుండును.

మేము చూచిన స్థలమున కే తాకట్టును లేదు. నిషేధిత జాబితాలోను లేదు. మాకు సంతోషమాయెను. అప్పుడు వంటయింటిలోనుండి మా అత్తగారు, "అమ్మాయీ, ఆ చెరువు వానాకాలంలో ఎందాకా వస్తుందో ఎవరినైనా అడిగారా?" అని ప్రశ్నించిరి.

మే మడుగలేదు. గూగుల్ ఎర్త్‌లో ఆ ప్రదేశపు పాత సంవత్సరముల చిత్రములు తెరచి చూచితిమి. ఒక సంవత్సరము ఎండిన నేల. మరియొక సంవత్సరము వర్షముల పిమ్మట తీసిన చిత్రములో మా 200 గజములును నీటిలో నున్నవి. హెచ్.ఎం.డి.ఏ. వారు వెబ్‌సైటులో నుంచిన చెరువుల పటములను తరువాత చూచితిమి. చెరువు పూర్తిగా నిండినపుడు నీరు నిలుచు హద్దును ఎఫ్.టి.ఎల్. అందురు. మా సర్వే నంబరులో సగము ఆ గీతకు లోపలనే యున్నది. 2024 జూలైలో హైడ్రా యను సంస్థ యేర్పడిన తరువాత చెరువుల హద్దులలోని కట్టడములు కూలుట అందరము చూచితిమి. అట్లు ఇండ్లు పోయినవారిలో రిజిస్టరు దస్తావేజులు చేత నున్నవారును కలరు. దస్తావేజు అమ్మకమునకు సాక్ష్యము పలుకును గాని నీటికి అడ్డుపడజాలదు.

కావున ఒక్క కాగితము శుభ్రముగా నున్నదని నిశ్చింతగా నుండరాదు. కొనునది పొలమైనచో ఆంధ్రప్రదేశమున మీభూమి వెబ్‌సైటులో అడంగలు, 1-బి చూడవలెను. తెలంగాణమున 2020లో వచ్చిన ధరణికి బదులుగా 2025 ఏప్రిలునుండి భూభారతి వచ్చినది. అపార్టుమెంటుగాని, లేఅవుటులోని ప్లాటుగాని అయినచో రెరా నంబరు అడుగవలెను. 2016 నాటి చట్టము ప్రకారము పెద్ద నిర్మాణములను రెరాలో నమోదు చేయకుండ ప్రకటించుటయే తప్పు. ఒప్పందము రిజిస్టరు చేయకుండ ధరలో పదవవంతునకు మించి అడ్వాన్సు పుచ్చుకొనరాదు. ఈ యొక్క మాట తెలిసిన గృహిణి యెదుట తొందరపెట్టు నోళ్లు కొంత తగ్గును.

ఫోను చెప్పజాలనివియు గలవు. రిజిస్టరు కాని వీలునామా ఇ.సి.లో కనబడదు. కోర్టు వ్యాజ్యమును అందు సాధారణముగా కానము. దానికి ఈకోర్ట్స్ వెబ్‌సైటులో అమ్మువారి పేరుతో వేరుగ వెదకవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, అమ్మునది పిత్రార్జిత మైనచో ఆ యింటి ఆడపడుచులు ఇ.సి.లో కానరారు. 2005 నాటి సవరణచే హిందూ కుటుంబముల ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కు కలిగినది. అన్నదమ్ములు మాత్రమే సంతకములు చేసిన దస్తావేజు చూచినపుడు, "మీ అక్కచెల్లెండ్ర సంతకము లేవి?" అని మనమే అడుగవలెను. మన హక్కును మన పుట్టినింట కోరుచు, పరుల యింటి యాడుబిడ్డ హక్కును తక్కువ ధరకు కొనుట న్యాయమగునా?

ఇవన్నియు చూచిన తరువాత లింకు దస్తావేజులను న్యాయవాదికి చూపవలెను. స్థలమునకు స్వయముగా పోయి, ఇరుగుపొరుగు స్త్రీలతో నాలుగు మాటలాడవలెను. నీరు ఎన్నడు వచ్చునో, ఎచ్చట నిలుచునో ఇల్లు తుడుచుకొన్నవారికి తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు.

మా గాజులు మరల బీరువాలో చేరినవి. ఆ స్థలమును మరి కొన్ని దినములకే వేరొకరు కొనిరని వింటిమి. తొందరపెట్టుటకు చెప్పిన ఆ "వేరొకరు" నిజముగానే యుండిరి! వారెవరో మే మెరుగము. వారి యింటను ఒక గృహిణి గాజులు తీసి యిచ్చియుండును. ఆమె కొక్క మాట చెప్పు వీలు మాకు లేకపోయెను. ఆ మాటనే మీతో చెప్పుచున్నాము. సోదరీమణులారా! బయానా ఇచ్చుటకు ముందు ఒక్క పూట గడు వడుగుడు. సాయంకాలములోగా అని తొందరపెట్టువారికి రేపు రమ్మని చెప్పుడు. ఆ రాత్రి వంటయిల్లు సర్దుకొనిన పిదప, ఫోను తెరచి కూర్చుండుడు.