ట్రైడెంట్, పిచ్‌ఫోర్క్: రెండింటికీ తేడా ఏంటి?

శివరాత్రికి శివుడి ఫోటో పోస్ట్ చేస్తున్నారు అనుకోండి. కింద ఇంగ్లీషులో క్యాప్షన్ రాయాలి. త్రిశూలానికి ఏ మాట వాడతారు? ట్రైడెంటా, పిచ్‌ఫోర్కా? రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పొడుగాటి కర్ర, చివర మొనలు. కానీ ఒకదాని బదులు ఇంకోటి వేశామంటే అర్థమే మారిపోతుంది. ఎలాగో చెప్తాను.

ముందు ట్రైడెంట్ చూద్దాం. ఈ మాట లాటిన్ నుంచి వచ్చింది. ట్రై అంటే మూడు, డెంట్ అంటే పన్ను. డెంటిస్ట్‌లో ఉన్నది కూడా ఈ డెంటే. మన త్రి, దంతం వీటికి చుట్టాలే, ఎందుకంటే లాటిన్, సంస్కృతం ఒకే భాషా కుటుంబానికి చెందినవి. కాబట్టి ట్రైడెంట్‌ని ‘త్రిదంతం’ అని గుర్తుపెట్టుకోండి. మొనలు కచ్చితంగా మూడే. దీని పని పొడవడం. చేపల్ని పొడిచి పట్టడానికి వాడేవాళ్ళు. గ్రీకుల సముద్ర దేవుడు పొసైడన్ చేతిలో ఉండేది ఇదే. మసెరాటి కారు లోగోలో, బార్బడోస్ జెండా మధ్యలో కనిపించేది కూడా ఇదే.

ఇక పిచ్‌ఫోర్క్. ఇది రైతు పనిముట్టు. ఎండుగడ్డిని గుచ్చి ఎత్తి బండి మీదికో, వాము మీదికో వేయడానికి వాడతారు. ఇంగ్లీషులో పిచ్ అంటే విసరడం అనే అర్థం ఉంది. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు కదా, అలా గుర్తుపెట్టుకోవచ్చు. దీనికి మొనలు రెండు ఉండొచ్చు, మూడు ఉండొచ్చు, నాలుగూ ఉండొచ్చు.

ఇక్కడే ఒక డౌట్ వస్తుంది. మూడు మొనలుంటే అది ట్రైడెంటే కదా? కాదు! గ్రాంట్ వుడ్ 1930లో వేసిన ‘అమెరికన్ గోథిక్’ అనే ఫేమస్ పెయింటింగ్ చూడండి. అందులో రైతు చేతిలో ఉన్నదానికి మూడు మొనలే, అయినా అది పిచ్‌ఫోర్కే. అంటే మొనలు లెక్కపెడితే సరిపోదు, దాంతో చేసే పనేంటో చూడాలి. పొడిచేది ట్రైడెంట్, ఎత్తి వేసేది పిచ్‌ఫోర్క్.

ఇప్పుడు మన క్యాప్షన్‌కి వద్దాం. పాశ్చాత్య దేశాల కార్టూన్లలో సైతాను చేతిలో పెట్టేదాన్ని మామూలుగా పిచ్‌ఫోర్క్ అంటారు. కోపంతో ఎగబడే గుంపు గురించి చెప్పేటప్పుడు కూడా ఈ మాటే వాడతారు. మనం శివుడి చేతిలో పిచ్‌ఫోర్క్ అని రాస్తే, చదివే విదేశీయుడికి గడ్డి ఎత్తే రైతో, ఆ సైతానో గుర్తొస్తారు. మనం భక్తితో రాసింది వాళ్ళకి ఎగతాళిలా కనిపిస్తుంది.

అందుకే త్రిశూలానికి ట్రైడెంట్ అనే రాయండి, లేదా హాయిగా త్రిశూల్ అనే ఉంచేయండి. ఇంకో విషయం, మీ ఫోన్‌లో త్రిశూలం లాంటి ఎమోజీ ఉంటుంది కదా, యూనికోడ్‌లో దాని పేరు ‘ట్రైడెంట్ ఎంబ్లమ్’. ఈసారి డౌట్ వస్తే ఆ ఎమోజీని తలుచుకోండి. ఇంకో రెండు మాటలతో మళ్ళీ కలుద్దాం!