అత్తమీది కోపము దుత్తమీద

కోడలికి అత్తమీద కోపము వచ్చినది. అత్తను ఏమనుటకును నోరు రాలేదు. చేతికందిన దుత్తను నేలకు కొట్టినది. దుత్త పగిలినది. అత్త అత్తగానే ఉన్నది. మరునాడు పాలు పోయుటకు దుత్త మాత్రము లేకపోయినది. ఇంత కథను మన పెద్దలు "అత్తమీది కోపము దుత్తమీద" అని ఒక్క ముక్కలో చెప్పి విడిచిరి. నిరుద్యోగమును గూర్చియు, పనికై దేశములమధ్య జరుగు పోటీని గూర్చియు నేడు వినవచ్చుచున్న మాటలను శ్రద్ధగా ఆలకించువారికి ఈ సామెత పదేపదే జ్ఞప్తికి రాక మానదు. పని పోయినవాని కోపము న్యాయమైనదే. అది ఎవరిమీదికి పోవుచున్నది అనునదే విచారింపదగిన ప్రశ్న.

ఈ విచారణకు నిజామాబాదు జిల్లాలోని మోస్రా, వర్ని, బోధను ప్రాంతముకంటె తగిన చోటు అరుదు. మంజీర నీటితో, నిజాంసాగరు కాలువల క్రింద వరియు చెరకును పండిన నేల ఇది. పనికై, భూమికై ఈ నేలకు బయటినుండి వచ్చినవారు కలరు. పనికై ఈ నేలను విడిచి సముద్రములు దాటినవారును కలరు. "వీరిక్కడికి ఎందుకు వచ్చిరి?" అను మాటయు, "మమ్మక్కడినుండి ఎందుకు పొమ్మనుచున్నారు?" అను మాటయు ఒకే వీధి అరుగుమీద వినవచ్చును.

మోస్రా కథకు ముందు ఒక పాత సంగతి చెప్పవలసియున్నది. అది ఈ జిల్లాలో జరిగినది కాదు, రంగూనులో జరిగినది. అయినను దెబ్బతిన్నవారు మన తెలుగువారు. విశాఖపట్టణము, గోదావరి మొదలైన కోస్తా జిల్లాలనుండి వేలకొలది బీదవారు "రంగము" పోయి, రేవులో ఓడలలోని సరకులు ఎత్తి దింపు కూలీలుగా బ్రదుకుచుండిరి. 1930 మే నెలలో వారు కూలి పెంపునకై సమ్మె కట్టిరి. ఓడ సరకుల గుత్తదారులు వారి స్థానమున బర్మా కూలీలను పిలిచి పని జరిపించుకొనిరి. కొలది దినములలో సమ్మె రాజీ అయ్యెను, తెలుగు కూలీలు తిరిగి పనిలోనికి వచ్చిరి. మే 26వ తేదీన పనికని వచ్చిన బర్మా కూలీలను "మీతో ఇక పని లేదు" అని త్రిప్పి పంపిరి. రేవులో మొదలైన కలహము నగరమంతట వ్యాపించెను. నూరుమందికి పైగా మరణించిరి, వారిలో అధికులు తెలుగు కూలీలు.

ఈ కథలో ఎవరికి ఎవరు అన్యాయము చేసిరి? తెలుగు కూలీ కోరినది కొంత ఎక్కువ కూలి. బర్మా కూలీ కోరినది తన ఊరి రేవులో పని. ఇద్దరి కోరికయు న్యాయమే. ఒకని పిలిచి, రెండవవానిని లొంగదీసి, పని తీరగానే మొదటివానిని పంపివేసినవారు వేరొకరు. కలహము నడచిన వీధులలో వారు లేరు. బర్మా కూలీ చేతికి అందినవాడు తనవంటి మరియొక కూలీయే. దుత్త పగిలినది.

ఇక మన నేలకు వత్తము. 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగరు నిర్మాణమునకు నవాబు అలీ నవాజ్ జంగు ముఖ్య ఇంజనీరు. కాలువలు పారినవి కాని, క్రొత్త నీటిక్రింద వేల ఎకరములను సాగులోనికి తెచ్చుటకు మనుష్యులు కావలసివచ్చిరి. కృష్ణా, గోదావరి డెల్టాలలో కాలువ వ్యవసాయమునకు అలవాటుపడిన రైతులు అక్కడి కొద్దిపాటి పొలమును అమ్మి, ఇక్కడ అంతకు ఎక్కువ భూమిని కొని, కాలువల వెంట గుడిసెలు వేసికొనిరి. ఆ గుడిసెల గుంపులే నేటికిని "క్యాంపు" అను తోకతో పిలువబడుచున్న ఊళ్లు. వచ్చినవాడు తన చెమటను చూపెను, ఉన్నవాడు తన నేలను చూపెను. చౌకగా అమ్ముకొన్న భూమి బంగారమైనపుడు అమ్మినవాని గుండె మండుట సహజము. ఆ భూమికి ఆనాడు అంత తక్కువ వెల ఎందుకు పలికెను, రైతునకు అప్పు ఎవరు ఇచ్చిరి, ఎంత వడ్డీకి ఇచ్చిరి అను ప్రశ్నలు వెనుకకు పోయినవి. కంటి ముందు కనబడిన క్యాంపు మాత్రము మిగిలినది.

ఉద్యోగముల విషయములో ఈ కోపమునకు "ముల్కీ" అను పేరు అంతకుముందే ఏర్పడియుండెను. ముల్కీ యనగా ఈ దేశమువాడు, గైరుముల్కీ యనగా బయటివాడు. మొదట హైదరాబాదు సంస్థానమున గైరుముల్కీ అని పేరుపడినవారు తెలుగువారు కారు. ఉత్తర హిందూస్థానమునుండి వచ్చి పెద్ద కొలువులు పొందిన ఉర్దూ విద్వాంసులు, అధికారులు. పదునైదేండ్ల నివాసము ఉన్నవారికే సర్కారు ఉద్యోగము అను నిబంధన 1919 ఫర్మానాతో స్థిరపడెను. 1952లో వరంగల్లు పాఠశాలలలో ఉపాధ్యాయుల నియామకములను, బదిలీలను గూర్చి వివాదము పుట్టినపుడు అదే పేరు కోస్తానుండి వచ్చిన తెలుగువారికి తగిలెను. విద్యార్థులు వీధులలోనికి వచ్చిరి. సెప్టెంబరు మొదటి వారములో హైదరాబాదున పోలీసు కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డి ఆ కాల్పులపై విచారణ జరిపెను. పేరు పాతదే, ఆ పేరు మోయు మనిషి మాత్రము మారెను.

ఆ ఫిర్యాదులో నిజము లేదని చెప్పుట అన్యాయము. దొంగ ముల్కీ పత్రములతో ఉద్యోగములు పొందినవారు ఉండిరి. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందములోని రక్షణలు అమలు కాలేదను బాధయే 1969లో మహోద్యమమయ్యెను. స్థానికులు కానివారిని వారి వారి మండలములకు పంపవలెనని 610వ జీవో 1985లో వెలువడుటయే ఉల్లంఘన జరిగినదనుటకు సాక్ష్యము. అయితే దొంగ పత్రము నడచుటకు దానిపై ముద్ర వేసిన అధికారి ఒకడు ఉండవలెను. నియమమును పాటింపుమని ప్రభుత్వమును నిలదీయుట వేరు, ఆ ఊరిలో బడిపంతులుగానో, హోటలు పెట్టుకొనియో బ్రదుకుచున్న మనిషిని పొమ్మని తరుముట వేరు. మొదటిది హక్కు, రెండవది దుత్తను కొట్టుట. ఆ దినములలో ఈ రెండును కలగలిసినవి. నేటికిని కలగలియుచునే ఉన్నవి.

బయటివాడు ఎవడును లేకయే పని పోయినచో నింద ఎటు పోవును? ఇందుకు బోధను ప్రక్కన ఉన్న షక్కర్‌నగరమే జవాబు. 1937లో వెలసిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు గాంచెను. చుట్టుప్రక్కల ఊళ్ల చెరకు బండ్లు దానివైపే నడిచెడివి. చక్కెర పరిశ్రమ 1998లో లైసెన్సు కట్టుబాటునుండి విడుదలయ్యెను. 2002లో ఫ్యాక్టరీలో నూటికి 51 వంతుల వాటా ప్రైవేటు చేతికి పోయెను. 2015 డిసెంబరులో గేటుకు తాళము పడెను. ఇక్కడ కార్మికుని స్థానమున బీహారువాడు గాని, బర్మావాడు గాని రాలేదు. పనిని ఎవడును తీసికొనిపోలేదు. పనియే పోయెను.

అయినను నింద ఆగలేదు. రైతు చెరకు మాని వరి వేసినందున మిల్లు ఎండినదని కొందరు, బిల్లులు సకాలమున ఈయనందుననే రైతు వరికి మరలెనని కొందరు, కార్మికులు సోమరులైరని కొందరు, అమ్మకమే మూలమని కార్మికులు. ఒకే కాలువ నీరు త్రాగినవారు ఒకరినొకరు వేలెత్తి చూపుకొనిరి. వీనిలో ఎంతెంత నిజమున్నదో తేల్చుటకు చెరకు విస్తీర్ణము, గానుగ ఆడిన టన్నులు, చెల్లింపుల తేదీలు, వాటా విక్రయపు షరతులు కావలెను. నిందకు ఆ లెక్కలతో పని లేదు. ప్రక్కవాడు చాలును.

ఈ నేలనుండి బయటికి పోయినవారి కథ మరియొకటి. 1973లో నూనె ధర పెరిగి, అరబ్బు దేశములలో నగరములు లేచుచున్నపుడు, నిజామాబాదు, కరీంనగరు జిల్లాల పల్లెలనుండి యువకులు "దుబాయి" బాట పట్టిరి. వెళ్లిన దేశము సౌదీ అయినను, కువైటు అయినను పల్లెలో దాని పేరు దుబాయియే. భర్త అక్కడ ఇటుకలు మోయుచుండగా భార్య ఇక్కడ బీడీలు చుట్టి సంసారము నడపిన ఇండ్లు లెక్కకు మిక్కిలి. కఫీలు అనుమతి లేక యజమానిని మారినవాడు "ఖల్లివెల్లి" అగును. అనగా ఉండియు లేనివాడు, కూలి ఎగవేసినను ఫిర్యాదు చేయలేనివాడు.

2011లో సౌదీ ప్రభుత్వము "నితాఖత్" అను విధానమును తెచ్చెను. ప్రతి సంస్థలోను స్వదేశీయులు నూటికి ఇందరు ఉండవలెనని నిర్ణయించి, లెక్క కుదిరినదానికి ఆకుపచ్చ, కుదరనిదానికి పసుపు, ఎరుపు రంగులను నియమించిరి. 2013లో గడువు పెట్టి, పత్రములు సరిచేసికొనుడు, లేనిచో దేశము విడువుడు అనిరి. మన పల్లెలలో "ఇదేమి అన్యాయము! వారి మేడలు కట్టినది మేము కాదా?" అను ఆక్రోశము పుట్టెను. ఆక్రోశము నిజమైనదే. కాని నితాఖత్ మన ముల్కీ నిబంధనకు దూరపు చుట్టమే కదా! అక్కడి యువకునకు పని లేకపోవుటయు నిజమే. తక్కువ కూలికి, నోరెత్తని మనిషిని ఏరి తెచ్చుకొన్న యజమాని అక్కడను ఉన్నాడు.

చదువుకొన్నవారి విషయమును భిన్నము కాదు. అమెరికాలో హెచ్-1బి అనుమతులు పొందువారిలో నూటికి డెబ్బది మందికి పైగా భారతీయులు, వారిలో తెలుగువారు చాలమంది. "మా ఉద్యోగములను తన్నుకొనిపోవుచున్నారు" అను మాట అక్కడ ఎన్నికల వేదిక నెక్కెను. 2025 సెప్టెంబరులో క్రొత్త దరఖాస్తు ఒక్కింటికి లక్ష డాలర్ల రుసుము విధించుచు అధ్యక్షుని ప్రకటన వెలువడెను. ఆ వార్త చదివి మన ఊళ్లలో తల్లిదండ్రుల గుండెలు గుభేలుమన్నవి.

అదే ఊళ్లలో నాట్ల కాలము వచ్చును. సాగునీరు పెరిగి యాసంగి వరి విస్తరించిన పిమ్మట నాటువేయు చేతులు చాలవు. బీహారునుండి, ఉత్తరప్రదేశమునుండి, బెంగాలునుండి గుంపులు వచ్చి, ఎకరమునకు ఇంత అని గుత్తకు మాట్లాడుకొని, ప్రొద్దుటినుండి మాపటివరకు వంగిన నడుము ఎత్తక నాట్లు ముగించిపోవుచున్నవి. వారిని గూర్చి వినవచ్చు మాట మనకు క్రొత్తది కాదు. "వీరు వచ్చి మన కూలి పడగొట్టిరి." ఈ మాట అనువాని అన్న దుబాయిలో ఉండవచ్చును, అల్లుడు డల్లాసులో ఉండవచ్చును. అక్కడ తన అన్ననుగూర్చి ఇదే మాట అనుచున్నవాడొకడు ఉన్నాడని అతనికి తోచదు. మరియొక వైపున భూమి కలవారు, "మనవారు సోమరులైరి, సర్కారు బియ్యము తిని పొలమునకు రారు, ఉపాధి హామీ పని చెరిపివేసెను" అందురు. 2005 నాటి ఆ చట్టము హామీ ఇచ్చినది ఏడాదికి నూరు దినములు. మిగిలిన 265 దినముల సోమరితనమునకు అది ఎట్లు కారణమగునో వారే చెప్పవలెను.

పోటీ లేదని, దానివలన ఎవరికిని నష్టము లేదని చెప్పుట కల్ల. గుత్త గుంపు వచ్చిన ఊరిలో నాటు కూలిమీద ఆధారపడిన స్త్రీకి బేరమాడు బలము తగ్గవచ్చును. ఆమె బాధను కొట్టివేయరాదు. అయినను పని అనునది కుండలో కొలిచి పోసిన నీరు కాదు, ఒకడు రెండు గ్రుక్కలు త్రాగిన మరియొకనికి రెండు తగ్గుటకు. నాటు సకాలమున పడినపుడు పంట పెరుగును. పంట పెరిగినచోట హమాలికి, మిల్లు కూలీకి, లారీ నడుపువానికి పని దొరకును. కావున అడుగవలసిన ప్రశ్నలు వేరు. ఈ మనిషి పోయినచో నిజముగా నాకు పని వచ్చునా? వీనికి నాకంటె తక్కువ ఇచ్చుటవలన మిగిలిన డబ్బు ఎవరి పెట్టెలో పడినది? వీనికిని నాకును ఒకే కూలి, ఒకే రక్షణ ఉండవలెనని ఇద్దరము కలిసి అడిగినచో ఎవరికి కష్టము? రంగూను రేవులో ఈ మూడవ ప్రశ్న పుట్టియున్నచో 1930 మే నెల మరియొక విధముగా ముగిసియుండెడిది.

ఉపాధ్యాయులకు ఈ విషయములో ప్రత్యేక బాధ్యత కలదు. డిగ్రీ చేతబట్టుకొని నోటిఫికేషనుకై ఎదురుచూచు యువకునకు ఊరు వేయు మొదటి నింద "చదివి ఏమి వెలగబెట్టినావు?" అని. నీళ్లు, నిధులు, నియామకములు అను మూడు ఆశలతో 2014లో రాష్ట్రము ఏర్పడెను. అందులో మూడవ ఆశ బరువును ఒక్కొక్క యువకుడు తన తప్పుగా మోయుచున్నాడు. తనను తాను నిందించుకొని అలసినవాడే తుదకు పొరుగువానిని నిందించుటకు పూనుకొనును. అట్టివానికి హితబోధకంటె లెక్క చూచుట నేర్పుట మేలు. ఖాళీలు ఎన్ని, నింపినవి ఎన్ని, మూతబడిన మిల్లులో పనిచేసినవారెందరు, ఎకరము నాటుకు గుత్త ఎంత, దినకూలి ఎంత? మోస్రా బడిలోని పిల్లలు తమ ఊరిలోనే ఇంటింట అడిగి ఈ లెక్కలలో సగము వ్రాయగలరు. అట్లు వ్రాసిన పిల్లవానికి, తన మేనమామ మస్కటులోను, నాటువేయు బీహారీ తన పొలములోను ఒకే పద్దుక్రింద కనబడుదురు. అప్పుడు వాడు కోపపడడని కాదు. ఆ కోపమును ఎక్కడికి తీసికొనిపోవలెనో వానికి తెలిసియుండును.